ఎకరానికి ఏడు వేల ఏడొందలా, పద్దెనిమిది వందలా? ఒక దాళ్వా మీథేన్ లెక్క

కోనసీమలో అమలాపురం దాటి సముద్రం వైపు వెళ్లే పంట కాలువల్లో ఒకదాని కింద ఈ కేసు జరిగింది. దాళ్వా (రబీ వరి) మొదలవకముందే ఒక కంపెనీ మనుషులు వచ్చి రైతుల సంఘానికి ఒప్పంద పత్రం ఇచ్చి వెళ్లారు. వరి చేలో నీరు అస్తమానం నిలవ ఉంచకుండా మధ్యమధ్యలో ఆరగడితే మీథేన్ తగ్గుతుంది, తగ్గినదానికి కార్బన్ క్రెడిట్లు (భూమిని వేడెక్కించే వాయువులు తగ్గించినందుకు ఇచ్చే, అమ్ముకోగలిగే పత్రాలు) వస్తాయి, అందులో రైతుకు ఎకరానికి పంటకు సుమారు 600 రూపాయలు ముడుతుంది, ఇదీ అందులోని సారం. సంఘం నన్ను పిలిచి అడిగింది ఒక్కటే ప్రశ్న: "ఈ ఆరొందలు ఎక్కడ్నించి వచ్చాయండీ? ఇది న్యాయమైన రేటేనా?"

ఇలాంటి ప్రాజెక్టులకు లెక్కలు కట్టడమే నా పని. అయినా ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. కార్బన్ ధర బజారులో దొరికే వస్తువు రేటు లాంటిది కాదు. ఎవరి నష్టాన్ని, ఎన్నేళ్లపాటు, ఏ వడ్డీకి లెక్కపెడుతున్నామో తేల్చుకుంటేనే అంకె వస్తుంది. ఆ మూడూ తేల్చుకోకుండా అంకె చెప్పడం ఎంత ప్రమాదమో ఈ కేసులో నేనే చూశాను. ఎందుకంటే మొదటి వారం నేను కట్టిన లెక్క తప్పు.

ముందు చేను

ధర సంగతికి వెళ్లే ముందు, ఎంత మీథేన్ తగ్గుతుందో తెలియాలి. జనవరి చివర్లో ఒక పెద్దాయన నన్ను చేలోకి దింపారు. కాలు వేసిన ప్రతిచోటా బురదలోంచి బుడగలు గుంపుగా లేచి, నీటి మీద పగిలిపోయేవి. నీరు నిలిచిన మట్టికి గాలి అందదు. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు కుళ్లిన గడ్డిని, పాత దుబ్బుల్ని తిని మీథేన్ వదులుతాయి. చేను ఆరగడితే మట్టిలోకి గాలి దిగి ఆ పని ఆగుతుంది.

ఎంతవరకు ఆరగట్టాలో తెలియడానికి చేలో రంధ్రాలు పెట్టిన పీవీసీ గొట్టం పాతుతారు. గొట్టంలో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగేదాకా మళ్లీ నీరు పెట్టక్కర్లేదు. పుస్తకంలో చదివితే చాలా తేలిక. మా గొట్టంలో మాత్రం మూడో రోజుకే నీరు పూర్తిగా మాయమైంది. పక్క గట్టుకు పీత బొక్క పడి నీరంతా మురుగు డ్రెయిన్‌లోకి పోయింది. చేను ఆరింది కదా అని మేం సంతోషించేలోపే పెద్దాయన చెయ్యి లోపలికి పెట్టి బొక్క చూపించారు. అప్పట్నుంచి గొట్టం కొలతతోపాటు గట్టు కూడా చూడాలని రాసుకున్నాం.

లెక్కకు వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘం 2019లో సవరించిన మార్గదర్శకాలు తీసుకున్నాను. దక్షిణాసియాలో ఎప్పుడూ నీరు నిలిచిన వరికి హెక్టారుకు రోజుకు 0.85 కిలోల మీథేన్. ఇక్కడ దాళ్వాలో వెదజల్లిన రోజు నుంచి కోత దాకా సుమారు 120 రోజులు. అంటే ఎకరానికి పంట మొత్తానికి 41 కిలోల పైచిలుకు. చాలాసార్లు ఆరగడితే ఆ మార్గదర్శకాల ప్రకారం గుణకం 0.55 అవుతుంది. తగ్గేది ఎకరానికి 18.6 కిలోలు.

దీనికి ఎదురు ఖర్చు ఒకటి ఉంది, చాలామంది మర్చిపోతారు. చేను తడుస్తూ ఆరుతూ ఉంటే యూరియాలోని నత్రజని కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా పైకి పోతుంది. అదీ వేడి పెంచే వాయువే. అదే మార్గదర్శకాల్లో ఎప్పుడూ నీరుండే చేలో వేసిన నత్రజనిలో 0.3 శాతం, ఆరగట్టిన చేలో 0.5 శాతం అలా పోతుందని ఉంది. మా రైతులు ఎకరానికి రెండు కట్టల యూరియా, ఒక కట్ట డీఏపీ వేస్తారు. నత్రజని దాదాపు 50 కిలోలు. అదనంగా లేచే నైట్రస్ ఆక్సైడ్ 157 గ్రాములు. చూడ్డానికి పిసరంత.

నా తప్పు

ఇక్కడిదాకా బాగానే ఉంది. అందరూ చేసినట్టే మీథేన్‌ను 28తో, నైట్రస్ ఆక్సైడ్‌ను 265తో గుణించి, రెండింటినీ కార్బన్ డయాక్సైడ్ కిందకి మార్చాను. నూరేళ్ల కాలానికి అవి ఎన్ని రెట్లు వేడి పుట్టిస్తాయో చెప్పే గుణకాలివి. క్రెడిట్ల లెక్కలన్నీ వీటి మీదే నడుస్తాయి. మీథేన్ వైపు 520 కిలోలు, అందులోంచి నైట్రస్ ఆక్సైడ్ 42 కిలోలు తీసేస్తే ఎకరానికి 478 కిలోలు, అంటే అర టన్నుకు కొంచెం తక్కువ.

ఆ తర్వాత ధర. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2023లో ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ వల్ల లోకానికి జరిగే నష్టాన్ని 190 డాలర్లని లెక్కగట్టింది. 2020లో వదిలిన టన్నుకు, 2020 నాటి డాలర్లలో వేసిన లెక్క అది. డాలరుకు 85 రూపాయలు అనుకుంటే టన్నుకు 16,150. దాన్ని 0.478తో గుణిస్తే ఎకరానికి సుమారు 7,720 రూపాయలు. సంఘం సమావేశంలో ఈ అంకె బోర్డు మీద రాశాను. ఆరొందలకీ ఏడు వేల ఏడొందలకీ తేడా చూసి అందరి ముఖాలూ మారిపోయాయి. "అయితే మమ్మల్ని మోసం చేస్తున్నారండీ" అన్నారు ఒకరు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏదో తేడా కొట్టింది. మర్నాడు ఆ సంస్థ నివేదికే మళ్లీ తీసి చూస్తే, వాళ్లు మీథేన్‌కు, నైట్రస్ ఆక్సైడ్‌కు వేరుగా ధరలు కట్టారు. మీథేన్ టన్నుకు 1,600 డాలర్లు, నైట్రస్ ఆక్సైడ్ టన్నుకు 54,000. అంటే వాళ్ల లెక్కలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్‌కు 28 రెట్లు కాదు, ఎనిమిదిన్నర రెట్లు కూడా లేదు. నైట్రస్ ఆక్సైడ్ 280 రెట్ల పైనే. ఈ ధరలతో మళ్లీ కడితే మీథేన్ తగ్గినందుకు ఎకరానికి 2,530 రూపాయల మేలు, నైట్రస్ ఆక్సైడ్ పెరిగినందుకు 720 రూపాయల కీడు, మిగిలేది 1,810.

రెండు లెక్కలూ ఒకే చేనువి, ఒకే పంటవి. 7,720 ఎక్కడ, 1,810 ఎక్కడ! మొదటి లెక్కలో 8 శాతమే ఉన్న నైట్రస్ ఆక్సైడ్ రెండో లెక్కలో నాలుగో వంతుకు పైగా తినేసింది. నేను చేసిన తప్పేమిటంటే, వేడిని పోల్చడానికి చేసిన గుణకాన్ని నష్టాన్ని పోల్చడానికి వాడాను. మీథేన్ గాలిలో సుమారు పన్నెండేళ్లే నిలుస్తుంది. దాని నష్టం చాలావరకు ముందు దశాబ్దాల్లోనే జరిగిపోతుంది. కార్బన్ డయాక్సైడ్‌లో కొంత భాగం వందలు, వేల ఏళ్లు ఉండిపోతుంది. రేపటి తరాల నష్టానికి ఎంత విలువ ఇస్తే, కార్బన్ డయాక్సైడ్ పక్కన మీథేన్ అంత చిన్నదవుతుంది.

అదే నివేదికలో దీన్ని సూటిగా చూడొచ్చు. పైన వాడినవి డిస్కౌంట్ రేటు (రేపటి నష్టాన్ని ఇవాళ్టి విలువకు తెచ్చే వడ్డీ) 2 శాతం అనుకుని కట్టిన ధరలు. అది 2.5 శాతమైతే కార్బన్ డయాక్సైడ్ 120 డాలర్లు, మీథేన్ 1,300. 1.5 శాతమైతే 340 డాలర్లు, 2,300. రేటు తగ్గితే రెండూ పెరుగుతాయి గాని, ఒకటి మూడు రెట్లకు దగ్గరగా పెరిగితే ఇంకోటి రెట్టింపు కూడా కాదు.

తర్వాతి సమావేశంలో బోర్డు మీద పాత అంకె కొట్టేసి, కొత్తది రాసి, ఎందుకు మారిందో వివరించాను. కొందరు నిరాశపడ్డారు. తప్పు తెలియగానే దిద్దుకోవడమే మంచిదైంది. ఆ 7,720 పట్టుకుని కంపెనీ దగ్గరికి వెళ్లి ఉంటే, వాళ్ల దగ్గర లెక్క తెలిసినవాళ్లు ఒక్క ప్రశ్నతో మమ్మల్ని కూర్చోబెట్టేసేవారు.

రెండు శాతం, రెండు రూపాయలు

ఆ వివరణలో ఒక చోట నేను "రెండు శాతం వడ్డీ" అన్నాను. వెంటనే ఒకాయన "అది మామూలేగా" అన్నారు. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. మన ఊళ్లలో రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24. నేను చెప్పింది ఏడాదికి రెండు. ఈ తికమక మా పని చాలా తేలిక చేసింది.

యాభై ఏళ్ల తర్వాత జరిగే 100 రూపాయల నష్టానికి ఇవాళ ఎంత కట్టొచ్చు? ఏడాదికి 2 శాతమైతే 37 రూపాయలు. 3 శాతమైతే 23. 5 శాతమైతే 9 కూడా లేదు. ఊళ్లో నడిచే 24 శాతమైతే పైసాలో అయిదో వంతు. అంటే ఊరి వడ్డీతో చూస్తే మనవల కాలపు నష్టం లేనట్టే. మోడళ్లు కట్టేవాళ్లు పోట్లాడుకునేదంతా ఈ ఒక్క అంకె మీదే అంటే అతిశయోక్తి కాదు.

దీని వెనక సూత్రం బ్రిటిష్ గణితవేత్త ఫ్రాంక్ రామ్సీ 1928లో చెప్పింది. డిస్కౌంట్ రేటులో రెండు భాగాలుంటాయి. ఒకటి, మనకు ముందుదే ముద్దు అనే తొందర. రెండోది, రేపటివాళ్లు మనకంటే కలవారవుతారు కాబట్టి వాళ్లకు రూపాయి విలువ తక్కువ అనే లెక్క. ఆర్థికవేత్త నికొలస్ స్టెర్న్ వాతావరణ మార్పుపై 2006 నివేదికలో తొందరకు 0.1 శాతమే ఇచ్చారు, మొత్తం రేటు 1.4 దగ్గర నిలిచింది, టన్నుకు 85 డాలర్లు వచ్చింది. వాతావరణాన్ని, ఆర్థిక వ్యవస్థను కలిపి లెక్కించే డైస్ మోడల్ కట్టి 2018లో నోబెల్ అందుకున్న విలియం నోర్డ్‌హౌస్ మార్కెట్లో కనిపించే రాబడికి దగ్గరగా ఉండే రేటు వాడారు. ఆయన 2016 నాటి డైస్‌లో 2015కు టన్ను ధర 31 డాలర్లు.

రెండో భాగం గురించి రైతులు అడిగిన ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. "మా మనవలు మాకంటే కలవారవుతారని ఎవరు చెప్పారండీ?" కాలువ చివరనున్న శివారు భూముల్లో ఏటేటా ఉప్పు పైకి వస్తోంది. ఎగువ ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోయి డెల్టాకు కొత్త మట్టి తగ్గింది. కాకినాడ అవతల ఉప్పాడలో సముద్రం ఇళ్లు తినేస్తోంది. 1996 నవంబరు తుఫాను చూసినవాళ్లు ఆ గదిలో సగం మంది. ప్రపంచం మొత్తం సగటున పెరగొచ్చు. ఈ బోదె కింద బతికేవాళ్లు పెరుగుతారని హామీ లేదు. 2016 నాటి డైస్‌లో 3 డిగ్రీలు వేడెక్కితే నష్టం ప్రపంచ ఉత్పత్తిలో 2 శాతానికి కాస్త ఎక్కువ. ఆ సగటులో కోనసీమ కొబ్బరి తోటకు ఉన్న బరువు దాదాపు సున్నా. ధర ఎంత నిక్కచ్చిగా కట్టినా ఈ లోటు అందులో ఉంటుంది. అందుకే 1,810ని నేను పైహద్దుగా కాక ఒక మధ్యస్థ అంచనాగానే వాడాను.

ఇలాంటి నష్టం ధరను ఎలా కడతారో ఒక్క మాటలో: మోడల్‌లో లోకాన్ని రెండుసార్లు నడుపుతారు. ఒకసారి ఉన్నదున్నట్టు, రెండోసారి ఇవాళ ఒక టన్ను అదనంగా వదిలి. 2300 సంవత్సరం దాకా ఏ ఏటికా ఏడు నష్టంలో తేడా చూసి, ఇవాళ్టి విలువకు తెచ్చి కలుపుతారు. మనిషి తీర్పు అడుగడుగునా ఉంటుంది కాబట్టే అంకె ప్రభుత్వాలతోపాటు మారుతుంది. అమెరికాలోనే 2017 తర్వాత కొన్ని డాలర్లకు పడిపోయింది, 2021లో 51కి వచ్చింది, 2023లో 190 అయింది.

ఇంకో దారి: కాలువ నీటి లెక్క

నష్టాన్ని కొలవకుండా కూడా కార్బన్ ధర కట్టొచ్చు. వేడి ఇంత దాటకూడదని ముందే గీత గీసుకుని, ఆ గీత లోపల ఉండటానికి ఆఖరి టన్ను తగ్గించేందుకు ఎంత ఖర్చవుతుందో మోడల్‌ని అడుగుతారు. బ్రిటన్ ప్రభుత్వం 2009లో నష్టం పద్ధతి వదిలి దీనికి మారింది. స్టెర్న్, ఇంకో ఆర్థికవేత్త జోసెఫ్ స్టిగ్లిట్జ్ నడిపిన సంఘం 2017లో ఇదే దారిలో 2030కి టన్నుకు 50 నుంచి 100 డాలర్లు కావాలని చెప్పింది.

దీన్ని డెల్టా రైతుకు వివరించక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర దాళ్వాకు ఇంత నీరే అని తేల్చిన ఏడు, వంతులవారీ మొదలవుతుంది. ఆఖరి తడి అందని శివారు రైతు మురుగు డ్రెయిన్‌లోంచి ఆయిల్ ఇంజనుతో తోడుకుంటాడు. ఆ ఇంజను అద్దె, డీజిలు ఖర్చే ఆ ఏడు ఒక తడి ధర. కాలువ నీటికి ఎవరూ రేటు కట్టలేదు, నీటి తీరువా ఎకరాల లెక్కనే పోతుంది. అయినా హద్దు గీయగానే ధర దానంతటదే పుట్టింది. దీన్నే మోడళ్లవాళ్లు షాడో ప్రైస్ అంటారు. నేను ఇది చెబుతుంటే కాలువ నీరు చూసే లస్కరు ఒకడు "హద్దు ఎంత బిగిస్తే ఇంజనుకి అంత గిరాకీ, అంతేగదండీ" అన్నాడు. అంతే.

మూడో ధర బజారుది. కొనేవాళ్లకు ఎంత అవసరం, అమ్మేవాళ్లు ఎంతమంది, క్రెడిట్‌పై నమ్మకం ఎంత అన్నదాన్ని బట్టి నడుస్తుంది. మన దేశంలో 2022లో ఇంధన పొదుపు చట్టం సవరించి, 2023లో కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకం ప్రకటించారు. లోకానికి 1,810 మేలు జరిగినంత మాత్రాన బజారు అంత ఇవ్వదు.

శివారు చేలు

అసలు చిక్కు ధరలో కాదు, ఒప్పందం మూడో పేజీలో ఉంది. 600 అనేది 'సుమారు' మాత్రమే. చెల్లింపు తనిఖీలో తేలిన టన్నులకు. టన్నుకు వాళ్లు ఇచ్చేది 1,255 రూపాయలు, అంటే 15 డాలర్ల లోపు. ఆ 600 రావాలంటే ప్రతి చేనూ ఇన్నాళ్లూ అస్తమానం నీటిలోనే ఉండేదని ఒప్పుకోవాలి.

కాలువ మొదట్లో ఉన్న చేలకు అది నిజం. శివారులో కాదు. అక్కడ వంతుకీ వంతుకీ మధ్య చేను ఎలాగూ ఒకసారి ఆరిపోతుంది. ఒక్కసారి ఆరే చేనుకు గుణకం 0.71. అక్కణ్నుంచి 0.55కి తగ్గేది ఎకరానికి 6.6 కిలోల మీథేనే. నైట్రస్ ఆక్సైడ్ గుణకం రెండు చోట్లా ఒకటే కాబట్టి దాని తేడా లేదు. టన్నుల్లో 0.185. కంపెనీ రేటుకు శివారు రైతుకు వచ్చేది 232 రూపాయలు.

మరి ఖర్చు? ఆరగడితే కలుపు లేస్తుంది. అదనంగా కలుపు కూళ్లు, గొట్టం చూసుకుంటూ తిరగడం, గట్లు వేయడం, అన్నీ కలిపి ఎకరానికి 900 అని రైతులే కూర్చుని తేల్చారు. కాలువ నీరు ఆదా అయినా రైతుకు మిగిలేదేం లేదు, ఇంజనుతో తోడేవాళ్లకు తప్ప. టన్నుకు చూస్తే మొదటి చేలలో ఖర్చు 1,880, శివారులో 4,860. చిరుపొట్ట దశలో ఆరగట్టాక వంతు నీరు రెండు రోజులు ఆలస్యమైతే వెన్ను తాలు పోతుంది. శివారు రైతు భయమంతా అదే. ఆ భయానికి నేను రూపాయల్లో విలువ కట్టలేదు. కట్టకుండానే తేలిపోయింది: శివారులో లోకానికి జరిగే మేలు 898, రైతుకు ఖర్చు 900 పైన ప్రమాదం.

కాబట్టి సంఘానికి నా సలహా ఇది. శివారు చేలను ఒప్పందంలోంచి తీసేయండి. అక్కడ ఇది రైతుకూ లాభం కాదు, లోకానికీ పెద్ద లాభం కాదు. మొదటి చేలకు 900 కంటే తక్కువ ఇస్తామంటే సంతకం పెట్టొద్దు. 1,810 దాకా అడగడానికి మీకు ఆధారం ఉంది. టన్నుకు కాక ఎకరానికి, తనిఖీతో సంబంధం లేని కనీస మొత్తం రాయించుకోండి. సార్వాలో (ఖరీఫ్ వరికి) అసలు వద్దు. డ్రెయిన్లు పొంగి చేలు రోజుల తరబడి మునిగే కాలంలో ఎవరూ ఆరగట్టలేరు. ఈ మురుగు బాధ కూడా ఒక కారణమై 2011లో ఇక్కడి రైతులు క్రాప్ హాలిడే ప్రకటించారు.

ఇంకో మాట గట్టిగా చెప్పాను. పత్రం మీద భూమి యజమాని సంతకమే అడిగారు. చేలో దిగి గొట్టం చూసేది కౌలు రైతు. సొమ్ము పని చేసినవాడి ఖాతాకే పోవాలని, యజమాని సమ్మతి వేరే కాగితం మీద తీసుకోవాలని షరతు పెట్టించాం. దీని మీద సంఘంలోనే రెండు రోజులు వాదన నడిచింది, ధర మీద కంటే ఎక్కువగా.

కంపెనీ మొదట కుదరదంది. నెల రోజుల తర్వాత మొదటి చేలకు ఎకరానికి 1,100 కనీసానికి ఒప్పుకుంది. మా అంచనా ప్రకారం ఖర్చు మీద రెండు వందలు మిగులు. నాకు అది తక్కువే అనిపించింది, రైతులు చాలన్నారు.

శివారు రైతులు మాత్రం ఊరుకోలేదు. "ఒకసారి ఆరుతుందని మీరన్నారు, రెండుసార్లు కూడా ఆరొచ్చు, ఎవరు రాశారు?" అని అడిగారు. నిజమే, ఎవరూ రాయలేదు. ఈ దాళ్వాకు ఎనిమిది చేలలో గొట్టాలు పాతి, ప్రతి చేనుకూ ఒక నోటు పుస్తకం ఇచ్చాం. వంతు నీరు ఏ రోజు వచ్చింది, ఏ రోజు గొట్టంలో నీరు 15 సెంటీమీటర్లు దిగింది, ఏ రోజు పీత బొక్క కనిపించింది, మూడు గడులు. చేల్లో ఎక్కువగా వేసినవి కాటన్ దొర సన్నాలు. మొదటి పేజీలో మొదటి వంతు తేదీ పడింది.